గ్రనాడా కోటలో విప్పిన చెప్పులు

1990 ఆగస్టు 20, సోమవారం, రుమైథియా, కువైట్

ఇరాక్ సైనికులు వచ్చినప్పటి నుంచి మా ఆయన సరిగా తినడం లేదు, మాట్లాడడం లేదు. ఈ రోజు అన్నం పెడుతూ నేనే ధైర్యం చేసి, పోయిన వేసవిలో నేను మామా అని పిలిచే మా యజమానురాలు తన పిల్లలతో పాటు నన్నూ స్పెయిన్ తీసుకెళ్లిన సంగతి ఎత్తాను. గ్రనాడాలో రాజుల కోట గుమ్మం దగ్గర చెప్పులు విప్పేశాను. లోపల కాలువలో కాళ్లు కడుక్కుంటే కాపలావాడు ఈల వేశాడు.

"గుడి అనుకుంటివేమే, పిచ్చిదానా!" అని ఆయన పడీ పడీ నవ్వారు.

సిగ్గేసినా ఆపలేదు. ఊరి వెనక కొండల కొనలపై మండు వేసవిలోనూ కరగని మంచు, బాదం తోటలు, వేళ్లు కొంకర్లు పోయే ఏటి నీళ్లు, అన్నీ చెప్పాను. పెళ్లయ్యాక నేను ఇంతసేపు మాట్లాడింది ఇదే మొదలు.

"ఇంకా చెప్పు, వింటాండా" అంటూ కంచం ముందుకు జరిపారు.

రేపు ఆయన రొట్టెల కోసం బయటికి వెళ్లాలి. దారిలో సైనికులు ఆపితే... అది రేపటి సంగతి. ఈ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.