నీ ఫోన్‌కి అందని కారు

మాజీ అల్లుడికి,

సంతోషం పట్టలేక రాస్తున్నాను. నిన్ను 'గారు' అనడం ఇవాళ్టితో మానేశాను, ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

విడాకులప్పుడు "కారు కూడా తనకే ఇచ్చేస్తున్నా మామయ్యా" అంటూ పెద్దమనిషిలా తాళంచెవి నా చేతిలో పెట్టావు. వెర్రివాణ్ణి, నీ మంచితనానికి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆనాటి నుంచి అమ్మాయి ఎక్కడ ఆపినా కారు దానంతటదే హారన్ కొట్టేది, మండుటెండలో ఏసీ ఆగిపోయేది. బ్యాటరీ కారు కదా, దాని గుణమే అంత అనుకున్నాం.

మొన్న ఆ కారులో మంగలి షాపుకి వెళ్లింది నేను. నువ్వేమో అమ్మాయికి ఫోన్ చేసి, "ఆ సందులో ఇంతసేపు ఎవడితో కూర్చున్నావే?" అన్నావు. అది ఇంట్లో బట్టలు ఆరేసుకుంటోంది. సందులో కూర్చున్నది నేను నాయనా, గడ్డం నిండా నురగతో. అలా దొరికావు.

షోరూం ఆయన చూసి, "ఈ కారు ఇంకా పాతాయన ఫోన్ మాటే వింటోందండీ, హారన్ కొట్టడం, ఏసీ ఆపడం, ఎక్కడుందో చూడటం అన్నీ అందులోంచే" అని కారులోంచి నీ పేరు పీకేశాడు. ఇక నొక్కుకో, వేలు అరిగేదాకా నొక్కుకో.

పొద్దున అమ్మాయి కారు తీసింది. "ఎక్కడికమ్మా?" అని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. మధ్యాహ్నం దాటింది, ఇంకా రాలేదు. అదెక్కడుందో నాకు తెలియదు, నీకూ తెలియదు. ఇంత సంతోషం నాకు దాని పెళ్లినాడు కూడా లేదు.

ఇక నీకేమీ కాని,
ముసలాయన