తప్పుల నోటుబుక్కు

ప్రియమైన అక్కకి,

నన్ను ఉత్తమ ఉపాధ్యాయినిగా ఎంపిక చేశారని పేపర్లో చూసి నువ్వు రాసిన ఉత్తరం అందింది. జ్ఞాపిక పెట్టడానికి బావగారు అప్పుడే బీరువాలో ఒక అర ఖాళీ చేయించారట. చదివి నవ్వొచ్చింది.

ఆ అవార్డు నాకు రావలసింది కాదక్కా. కమిటీవాళ్లు మెచ్చుకున్నది నా తరగతిలోని తప్పుల నోటుబుక్కుల్ని. లెక్క తప్పితే కొట్టెయ్యకుండా, ఎక్కడ దారి తప్పారో పిల్లలే పక్కన రాసుకుంటారు. లెక్కలంటే వణికేవాళ్లు కూడా ఇప్పుడు చెయ్యెత్తుతున్నారు. కానీ ఆ పద్ధతి నాది కాదు. మా బడిలో ఏడాదికేడాది కాంట్రాక్టు మీద పనిచేసే టీచరుది. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. "ఈ ఆలోచన మీదేనా అమ్మా?" అని కమిటీ పెద్దాయన అడిగితే, హెడ్మాస్టరు గారు పక్కనే ఉండగా, "అవునండి" అనేశాను. అప్పట్నుంచి తిండి సయించడం లేదు.

ఇవాళ నిజం రాసి కమిటీకి పోస్టు చేశాను. బావగారికి నువ్వే నెమ్మదిగా చెప్పు.

నీ చెల్లి


బంగారం లాంటి మా అక్కకి,

ఇన్నాళ్లూ రాయడానికి చెయ్యాడలేదు. మంచి చేద్దామని పోయి ఆ కాంట్రాక్టు టీచరు కొంప ముంచబోయాను. కమిటీకి రాసిన సంగతి చెప్పగానే ఆవిడ దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టేసింది.

"నన్నొక్క మాట అడగాల్సింది టీచర్. మీ అవార్డు ఫైలు రాసిందే నేను. కాంట్రాక్టు వాళ్లకి ఎలాగూ అవార్డు ఇవ్వరు. రాసిపెడితే వచ్చే ఏడాది కూడా ఉంచుతానన్నారు హెడ్మాస్టరు సార్. మీ మనసు తేలికపడింది సరే, నా ఉద్యోగం మాటేమిటి?"



అవార్డు రద్దయింది. హెడ్మాస్టరు గారు ఆవిడ కాంట్రాక్టు పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టనన్నారు. ఆయన గదికి వెళ్లాను. "ఆ ఫైలు ఎవరు ఎవరిచేత రాయించారో కూడా కమిటీకి రాయమంటారా సార్?" అన్నాను.

"బెదిరిస్తున్నారా?"

"అడుగుతున్నానండి."

ఇన్నేళ్ల సర్వీసులో ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. బల్ల పట్టుకుని నిలబడ్డాను. సాయంత్రానికి సంతకం అయింది.

కాగితం నేనే తీసుకెళ్లి ఇచ్చాను. రెండుసార్లు చదువుకుని, మడిచి బ్యాగులో పెట్టుకుని, "థాంక్సండి" అంది. ఆరేళ్లుగా మేమిద్దరం కలిసే భోంచేసేవాళ్లం. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ తన క్యారియర్ తీసుకుని డ్రాయింగ్ మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఎందుకని అడిగే మొహం నాకు లేదక్కా.

నీ చిన్నది