ముసలాయన గాలానికి తగిలించిన చేప

మల్లేశ్ బావా,

నిన్ను పెట్టెలో ఇంటికి పంపి ఇవాళ్టికి ఏడాది. ఖతీఫ్‌లో చలికాలం వచ్చింది, గెస్టులు చేపలు పట్టడానికి వస్తున్నారు. ఇప్పుడు సౌదీ మనిషి లేనిదే పడవను కదలనివ్వరు. అందుకే మనల్ని పనికి తెచ్చుకున్న కఫీల్ వాళ్ల నాన్నను ఎక్కిస్తున్నాడు. నువ్వు కూర్చునే చోటే కూర్చుంటాడు.

కఫీల్ సర్కారుకు లెవీ కట్టక నా అకామా కార్డు గడువు అయిపోయింది. ఇంటికి పోవడానికి ఎగ్జిట్ కాగితం అడిగితే రేపంటాడు. "చేప పడ్డదంటే గెస్టు ఏదడిగినా ఇస్తడు బామ్మర్దీ" అనేవాడివి కదా! ఇవాళ ముసలాయన అటు తిరిగి చాయ్ తాగుతుంటే, నాకు పడిన హమూర్ చేపను బతికుండగానే ఆయన గాలానికి తగిలించి నీళ్లలోకి వదిలాను. ఆయన దాన్ని పైకి లాగి పడవ ఊగేలా గెంతాడు.

ఒడ్డున ఆయన కొడుకు, మన కఫీల్, ఎదురొచ్చాడు. ఇదే అదననుకుని ముసలాయన్ని అడిగాను.

"బాబా, నన్ను ఇంటికి పంపమని మీరన్నా చెప్పుండ్రి."

ముసలాయన నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. కొడుకుతో అరబ్బీలో అన్నాడు.

"వీణ్ని ఎక్కడికీ పంపకు. వీడు పక్కనుంటేనే నాకు చేప పడుతుంది."

కొడుకు సరేనన్నాడు.

రేపు ఆరింటికే రమ్మన్నారు బావా. ఇంకా పెద్దది పట్టాలట.

నీ బామ్మర్ది