జానెడు తగ్గిన గొడ్డలి కామ

మా లిడియా నాన్నకు,

దేవుని దయవల్ల తిరువూరులో మేమంతా క్షేమం. గుజరాత్‌లో మీరూ అలాగే ఉండాలి. ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వకండి. ఫోనులో అయితే మొదటి మాటకే అడ్డొస్తారు. కాగితం మీదైతే చచ్చినట్టు చివరిదాకా వినాలి!

మీరు అడిగినవాటికి జవాబులు ముందు. లిడియా దగ్గు తగ్గింది. పక్షవాతం వచ్చిన మామయ్య కుడిచెయ్యి కొంత నయం, అన్నం తానే కలుపుకుంటున్నారు. ఇక కట్టెల సంగతి. ఎంత చెప్పినా తనివి తీరదండీ!

గుడిలో క్రిస్మస్ విందుకు మూడు తరాలుగా మన ఇంటివాళ్లే కదా కట్టెలు కొట్టేది. క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం పూజ అయ్యాక అందరి ముందూ మొదటి మొద్దు పగలాలి. మీకేమో సెలవు దొరకలేదు. "ఈసారి గ్యాసు పొయ్యిలు తెప్పిద్దామండి, ఆ చేత్తో అంతోనయ్య గారిని ఇబ్బంది పెట్టడమెందుకు" అన్నారు పెద్దలు, మామయ్య వింటుండగానే. ఆ పూట మామయ్య అన్నం ముట్టలేదు. నాకు ఒళ్లు మండి, "నేను కొడతానండి" అనేశాను.

రెడ్డిగూడెం తోటలో కొట్టేసిన ముసలి మామిళ్లు ట్రాక్టరులో వచ్చాయి. మీరు చెప్పినట్టే అద్దెకు కోత మిషను తెప్పించి ముక్కలు కోయించాను. ఆ చప్పుడుకు కోళ్లు రెండు రోజులు గుడ్లు పెట్టలేదు. పగలగొట్టడం మాత్రం చేతిపనే. కమ్మరి ఆదిశేషయ్య గారి కొలిమి దగ్గర కూర్చుని ఒక్కొక్క పనిముట్టూ ఎత్తి చూశాను. చీరల కొట్లో కూడా అంతసేపు కూర్చోలేదు. పలచటి గొడ్డలి మొద్దులో ఇరుక్కుంటుంది, లావుపాటిదే చీలుస్తుంది. ముడులున్న మొద్దుకైతే పగులులో ఇనప చీల పెట్టి సమ్మెటతో కొట్టాలి. ఆ రెండూ కొన్నాను. "బలమంతా నువ్వు పెట్టకమ్మా, గొడ్డలి బరువును పడనియ్యి" అన్నారాయన. ఇంటికొచ్చి అలాగే కొడితే మొద్దు రెండుగా విడిపోయింది. నేను వేసిన కేకకు పామనుకుని పక్కింటివాళ్లు కర్రలతో వచ్చారు!

ఇప్పుడు కోప్పడకుండా చదవండి. లావుపాటి గొడ్డలి నేను కొనలేదు. మామయ్యదే తీశాను. వెళ్లేముందు దానికి మీరు తుమ్మకర్రతో చెక్కిన కామ మీ ఎత్తుకు చేసింది. ఎత్తితే నేనే వెనక్కి తూలుతున్నాను. అందుకని మామయ్య నిద్రపోతుండగా జానెడు కోసేశాను. చివర మీరు చెక్కిన సిలువ కూడా ఆ ముక్కలోనే పోయింది. దాన్ని బియ్యం డ్రమ్ములో దాచి, మామయ్య కళ్లలోకి చూడకుండా రెండు రోజులు తిరిగాను.

ఆదివారం అందరూ చుట్టూ నిలబడ్డారు. నేను గొడ్డలి ఎత్తబోతుంటే మామయ్య వచ్చి చెయ్యి చాపారు. ఇచ్చాను. కామ చివర తడిమారు.

"కోసింది నువ్వేనా?"

"నేనే మామయ్యా. ఆ ముక్క దాచాను."

మామయ్య గొడ్డలిని రెండు చేతులా పట్టుకుని ఎత్తారు. ఏడాదిగా ఆ గొడ్డలిని నేల మీంచి లేపలేని మనిషి తల పైదాకా ఎత్తారండీ! దెబ్బ పడింది, మొద్దు సగం దాకా విచ్చుకుంది. గొడ్డలి నా చేతికిచ్చి, "మిగతాది నువ్వు కొట్టమ్మా" అన్నారు. ఆ పగులులోనే కొట్టాను. ఫెళ్లుమని విడిపోయింది. మామయ్య ఏడ్చారు, నేనూ ఏడ్చాను. గ్యాసు పొయ్యిల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంటికొచ్చాక మామయ్య మీకు రాయమన్న మాట ఇది: "వాడొచ్చి కొత్త కామ వేస్తానంటే ఊరుకోను. ఇది మా ఇద్దరికీ సరిపోయింది. వాణ్ని కాస్త వంగి కొట్టుకోమను."

ఇట్లు,
మీ ఇంటి కట్టెలు కొట్టే మనిషి,
మీ భార్య గ్లోరి