డీయో అనగలిగినవాళ్ళకే ఇత్తడి పళ్ళెం

ఈరోజు తెల్లవారినప్పటి నుంచి దుమ్ముగాలి. ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డు కూడా కనపడటం లేదు. శుక్రవారం కాబట్టి నా షాపు సాయంత్రందాకా తియ్యనక్కర్లేదు. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కాను. చింతపండు పెట్టి ఇత్తడి పళ్ళెం తోమాను. అన్నం వండుకుని తిన్నాను. తర్వాత ఇది రాయడానికి కూర్చున్నాను.

నేను లఖియాని పర్సరాం. తండ్రి టోపన్‌దాస్. వయసు డెబ్బై ఒకటి. పుట్టింది తూర్పు గోదావరి జిల్లా మండపేట. ఉంటున్నది బహ్రెయిన్, జిదాఫ్స్ బజారులో నా బట్టల షాపు పైగది. షుగరు ఉంది. కుడి కంటికి శుక్లం తీశారు. మతి మాత్రం సరిగ్గా ఉంది. ఎవరు నన్ను ఏమన్నారో, ఎవరి ముందు అన్నారో అన్నీ గుర్తున్నాయి. ఈ వీలునామా నా ఇష్టపూర్తిగా రాస్తున్నాను. ఎవరి బలవంతమూ లేదు. బలవంతం చేసేంత దగ్గరగా ఎవరూ లేరు.

దీన్ని తెలుగులో ఎందుకు రాశావని నా పిల్లలు అడుగుతారు. మేము సింధీలం. దేశం రెండైనప్పుడు మా ఊరు అవతల ఉండిపోయింది. మా నాన్న చేతికందిన రైళ్ళెక్కుతూ చివరికి గోదావరి జిల్లాలో దిగి, సైకిలు మీద ఊరూరా తిరిగి బట్టలమ్మాడు. నన్ను అక్కడి బోర్డు స్కూల్లో వేశాడు. సింధీ నాకు అమ్మ నోటినుంచి వచ్చింది, చేతికి రాలేదు. ఇంగ్లీషులో బిల్లు రాయగలను, మనసులో మాట రాయలేను. నాకు రాయడం తెలిసిన భాష ఇదొక్కటే. అర్థం కాకపోతే చదివించుకోండి.

1. ఈ వీలునామా అమలు చెయ్యవలసిన మనిషి గంగరాజు. నా షాపు పక్కన కుట్టుమిషను పెట్టుకున్న టైలరు, మాది ఒకే జిల్లా. నా పెద్ద కత్తెర అతనికి ఇస్తున్నాను. ఎన్నోసార్లు అడిగాడు, ఎన్నోసార్లు లేదన్నాను. దానితో కాగితం కత్తిరించకూడదు.

2. షాపు ఎవరికీ రాయడం లేదు, ఎందుకంటే అది నాది కాదు. లైసెన్సు కఫీల్ పేరున, అంటే నాకు పూచీ ఉన్న ఇక్కడి అరబ్బు పేరున ఉంది. నేను పోతే ఖలాస్. అరల్లో మిగిలిన తాన్లు ఏం చెయ్యాలో గంగరాజు చూసుకుంటాడు. పై అరలో తెల్ల కాటన్ తాను ఒకటి విడిగా పెట్టాను. అది నా మీద కప్పడానికి. అమ్మకూడదు.

3. బ్యాంకులో ఉన్నది నా కొడుకు ముఖేష్‌కూ నా కూతురు సరితకూ చెరిసగం. దీని గురించి వాళ్ళు కొట్టుకోరు, ఇద్దరికీ అంతకన్నా ఎక్కువే ఉంది. నా భార్య లాజవంతి గాజులు సరితవి. సరిత కానరీ దీవుల్లో కాపురముంటోంది. దాని పిల్లలు నన్ను ఫోనులో స్పానిష్ మాటతో పిలుస్తారు, నేను పలుకుతాను.

4. నా పేరు సంగతి రాసిపెట్టడం అవసరం. సింధీల ఇంటిపేరు చివర వస్తుంది, దానికి ‘ఆని’ ఉంటుంది. ఏ తాత సంతానమో చెప్పే మాట అది. మా హెడ్మాస్టరు గోదావరి జిల్లా పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టి లఖియాని పర్సరాం అని రిజిస్టరులో రాశారు. నాన్న చదవలేక, సంతోషంగా ఇంటికొచ్చాడు. పాస్‌పోర్టువాళ్ళు ఆ వరసలోనే దింపారు. లఖియాని నా పేరయింది, పర్సరాం ఇంటిపేరయింది. ముఖేష్ పుట్టాక ముఖేష్ పర్సరాం అయ్యాడు. మా వంశంలో ‘ఆని’ అక్కడితో పోయింది. గంగరాజుకు ఈ సంగతి చెప్తే, “ఇంటిపేరు ముందుండడం మాకు మర్యాదండి సేటుగారూ. తోకలా చివర తగిలించుకుంటే ఎప్పుడో అప్పుడు ఊడదాండీ మరి! ఆయ్” అన్నాడు.

దిద్దించుకోమని ముఖేష్‌కు చెప్పాను. కార్డులన్నీ మార్చాలి, ఆఫీసులో సెలవు దొరకదు అన్నాడు. సఖీర్‌లో కార్ల పందేలు జరిగే చోట అతని ఉద్యోగం. పందేలు లేని నెలల్లో ఏం చేస్తాడో నేను అడగలేదు. ఇక ఎవరూ దిద్దించుకోనక్కర్లేదు. ఈ కాగితం మీద మాత్రం నా పేరు పర్సరాం లఖియానిగా చదువుకోవాలి.

5. పక్కగదిలో గోడకున్న నల్లబోర్డు. ఇది సింధీ మండలి పిల్లల కోసం కొన్నది. గది నాది, చాపలు నావి, బోర్డు అందరిదీ. శుక్రవారం శుక్రవారం పిల్లలకు సింధీ నేర్పాలని అనుకున్నాం. మొదటి రోజు తల్లిదండ్రులంతా వచ్చారు. కార్యదర్శి హరేష్ అరబ్బీ అక్షరాలు నేర్పాలన్నాడు. తాతలు రాసింది వాటితోనే, వదిలేస్తే పాత పుస్తకాలు చదివేవాడుండడని అతని వాదన. అర్జన్‌దాస్ నాగరి అక్షరాలన్నాడు. బళ్ళో హిందీ చదివే పిల్లలకు అవి వచ్చు, కొత్తవి పెడితే పారిపోతారని అతని వాదన. రెండూ నిజమే. నిజం కాబట్టే ఎవరూ తగ్గలేదు. బోర్డు బిగించడానికొచ్చిన మేస్త్రీ వెంకటి, జగిత్యాల వైపువాడు, డ్రిల్లు మిషను చేత్తో పట్టుకుని నిలబడి చూశాడు. “గిదేంది సేటూ, ఒక్క బాసకు రెండు రాతలా? మాకు ఒక్కటి నేర్సుకునేటాళ్ళకే పానం పోయింది” అన్నాడు.

రాత తర్వాత చూసుకుందాం, ముందు నోటితో మాట్లాడించండి అని నేనన్నాను. చెయ్యెత్తి ఓటెయ్యమంటే నా మాటకే ఎత్తాను. హరేష్ నా కార్డు అడిగి తీసుకుని అందరికీ చూపించాడు. “సాయీం, ఇందులో నీ పేరు చివర ‘ఆని’ ఎక్కడుంది? నువ్వు ఆంధ్రావాలావి. ఆవకాయ సింధీవి. నీకు ఓటేంటి?” అన్నాడు. అందరూ నవ్వారు. అర్జన్‌దాస్ కూడా నవ్వాడు. నవ్వే విషయంలో వాళ్ళిద్దరూ కలిశారు.

ఆ రోజు బోర్డు మీద ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత కూడా రాయలేదు. పిల్లల్ని ఈతకు పంపారు, గిటారుకు పంపారు. ఇప్పుడు మండలి రెండు మండళ్ళయింది. రెండు మండళ్ళూ ఫోనులో కబుర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పంపుకుంటాయి. ఆ లిపి కావాలని ఆ రోజు ఎవరూ అడగలేదు.

కాబట్టి ఆ బోర్డును నిలువునా కోయించాలి. అరబ్బీ రాత కుడినుంచి మొదలవుతుంది, కుడి సగం హరేష్‌కు. నాగరి ఎడమనుంచి మొదలవుతుంది, ఎడమ సగం అర్జన్‌దాస్‌కు. చాపలు గంగరాజు షాపు ముందు నిలబడేవాళ్ళు కూర్చోవడానికి.

6. వంటింట్లో ఆవకాయ జాడీ హరేష్‌కు. మూత తియ్యకుండా, గుడ్డ కట్టిన పళంగా ఇవ్వాలి.

7. లాజవంతి అప్పడాల కర్ర, రొట్టెల పీట నా కోడలు సత్యకుమారికి.

సత్యకుమారి అమలాపురం పిల్ల. ఇక్కడ ఆస్పత్రి లాబులో పని. ఈ పెళ్ళి నాకు ఇష్టం లేదు. సింధీ పిల్లని తెస్తే ఇంట్లోకి భాష వస్తుందనుకున్నాను. పెళ్ళికి వెళ్ళాను, అక్షింతలు వేశాను, భోజనం చెయ్యలేదు. “మావయ్యగారూ, మా పెళ్ళి వీడియోలో మీ విస్తరి ఒక్కటే ఖాళీగా కనపడుతుందండి. చూసినోళ్ళందరూ ఎవరిదీ ఇది అనడుగుతారు” అని ఆమె ఇప్పటికీ అంటుంది. సనాబిస్‌లో వాళ్ళింట్లో మొగుడూ పెళ్ళాం ఇంగ్లీషు మాట్లాడుకుంటారు. నాతో కూర్చుని మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. అదీ తెలుగులో. లాజవంతి ఉన్నన్నాళ్ళూ ఇంట్లో సింధీ ఉండేది. ఆమెది సింధీల ఊరు ఉల్హాస్‌నగర్, మంచి సింధీ. నేను మాట్లాడితే గోదావరిలో ఈదుతున్నట్టుందని నవ్వేది. ఆమె పోయాక నేను సింధీలో తప్పు మాట్లాడినా నవ్వేవాళ్ళు లేరు.

8. ఇత్తడి పళ్ళెం. ఇది మా తాతది. నాన్న రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మా కొత్త సంవత్సరం చేటీ చంద్ ఉగాదికి అటూ ఇటూగా వస్తుంది. ఆ రోజు ఈ పళ్ళెంలో గోధుమపిండి ముద్దతో అయిదు వత్తుల దీపం చేసి, పటికబెల్లం, యాలకులు, పళ్ళు, బియ్యం పెట్టి నీళ్ళ దగ్గరికి తీసుకెళ్తాం. కొంగు చాపి నీళ్ళను వరం అడుగుతాం. దీన్ని బహరాణా అంటారు. నాన్న కోటిపల్లి రేవులో గోదావరికి తీసుకెళ్ళేవాడు. నేను ఇక్కడ సముద్రానికి తీసుకెళ్తున్నాను.

ఆ దీపం పేరు డీయో. కాగితం మీద రాసిన ఈ ‘డ’ తప్పు. గాలి బయటికి వదలకుండా, గుటక వేస్తున్నట్టు, గొంతులోకి లాక్కుంటూ పలకాలి. తెలుగులో ఆ అక్షరం లేదు. హిందీలోనూ లేదు. సరిగ్గా పలికేదాకా అమ్మ మమ్మల్ని వత్తి ముట్టించనిచ్చేది కాదు. బయట ఎంత చీకటిపడినా సరే, పిల్లలం పళ్ళెం చుట్టూ నిలబడి గుటకలు వేసేవాళ్ళం. నా పిల్లలకు లాజవంతి నేర్పింది. చిన్నప్పుడు ఇద్దరికీ వచ్చేది. తర్వాత పోయింది.

ఈ ఏడు రెండు మండళ్ళూ రెండు హోటళ్ళలో హాళ్ళు తీసుకున్నాయి. హాల్లో మంట పెట్టకూడదన్నారని ఒకళ్ళు పళ్ళెంలో బ్యాటరీ దీపం పెట్టారు. రెండోవాళ్ళు దీపం బొమ్మ తెర మీద వేశారు. నేను మా పళ్ళెం తీసుకుని నీళ్ళ దగ్గరికి వెళ్ళాను. ముఖేష్ రాలేదు. సత్యకుమారి కారులో దింపింది. ఆటు పోటు చూసుకోకుండా వెళ్ళాను, నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. మోకాళ్ళదాకా బురదలో నడవాల్సి వచ్చింది. గాలికి వత్తులు ఆరిపోతుంటే ఆమె చున్నీ అడ్డుపెట్టింది. దీన్నేమంటారని అడిగింది. చెప్పాను. అంది. రాలేదు. అది నీకు రాదులే అన్నాను.

మర్నాడు ముఖేష్‌ను ఆ మాట అనమన్నాను. “డాడీ, దియా అంటే సరిపోదా? అర్థం అదేగా” అన్నాడు, ఇంగ్లీషులో. సరితకు ఫోను చేశాను. పళ్ళెం ఫొటో పంపమంది, చాలా బాగుంటుంది, గోడకు పెట్టుకుంటానంది.

కాబట్టి నా ఏర్పాటు ఇది. నేను పోయాక వచ్చే మొదటి చేటీ చంద్ నాడు, సముద్రం ఒడ్డున, నా ఇంటివాళ్ళలో ఎవరైతే గంగరాజు ఎదుట డీయో అని సరిగ్గా పలుకుతారో పళ్ళెం వాళ్ళది. పలికాకే వత్తి ముట్టించాలి. గంగరాజు పోల్చుకోవడానికి ఆ మాట నా గొంతుతో అతని ఫోనులో పెట్టాను. దగ్గరదగ్గరగా ఉందని జాలిపడి ఇచ్చెయ్యకూడదు. ఎవరికీ రాకపోతే పళ్ళెం పడవలో తీసుకెళ్ళి లోతు చూసి వదిలెయ్యాలి. పాత సామాన్లు కొనేవాడికి ఇవ్వకూడదు. గోడకు పెట్టుకోవడానికి ఇవ్వకూడదు. రెండు మండళ్ళలో ఏ మండలికీ ఇవ్వకూడదు.

9. నన్ను ఇక్కడే కాల్చాలి. బూడిద సింధు నదిలో కలపాలని ఎవరూ వీసాల కోసం తిరగొద్దు. కోటిపల్లి రేవు చాలు. హరేష్ సంతాపసభ పెడితే గంగరాజు వెళ్ళి, నా పేరు చివర ‘ఆని’ పెట్టారో లేదో చూసి రావాలి.

ఈ కాగితం సాయంత్రం అయిదింటికి అందరి ముందూ చదివాను. సత్యకుమారి ఇంగ్లీషులోకి మార్చి ముఖేష్‌కు చెప్పింది. సరిత ఫోనులో ఉంది. హరేష్‌నూ అర్జన్‌దాస్‌నూ పిలిచాను, రాలేదు. ఎనిమిదో అంశంలో నేను మొదట ‘నా ఇద్దరు పిల్లల్లో’ అని రాశాను. అక్కడికొచ్చేసరికి సత్యకుమారి నన్ను ఆపి, “కోడలు లెక్కలోకి రాదాండీ మావయ్యగారూ?” అని తెలుగులో అడిగింది. నేను కిందికి చదువుకుంటూ పోయాను. చదవడం పూర్తయ్యాక ‘ఇద్దరు పిల్లల్లో’ అన్నది కొట్టేసి ‘ఇంటివాళ్ళలో’ అని రాశాను. దిద్దినచోట నా పొట్టి సంతకం, సాక్షుల పొట్టి సంతకాలు ఉన్నాయి. మిగతా షరతులు మారలేదు.

జిదాఫ్స్, 2025 మే 9.

(సంతకం) పర్సరాం లఖియాని

సాక్షులు, మా అందరి ఎదుట సంతకం జరిగింది:
(సంతకం) వెంకటి, మేస్త్రీ
(సంతకం) కన్నబాబు, డ్రైవరు. వీళ్ళిద్దరికీ ఇందులో ఏమీ రాయలేదు.

సరిత ఫోను మూడో అంశం అయ్యాక కట్టయింది, మళ్ళీ రాలేదు. ముఖేష్ అయిదో అంశం దగ్గర ఆఫీసు ఫోను వచ్చిందని కిందికి వెళ్ళాడు. కారు కూడా వెళ్ళింది. సంతకాలయ్యాక వెంకటి, కన్నబాబు ఆరింటికి క్యాంపు బస్సుకు వెళ్ళారు. గంగరాజు షట్టరు తియ్యడానికి వెళ్ళాడు. సత్యకుమారికి రాత్రి డ్యూటీ. గుమ్మంలో ఆగి డీయో అంది. రాలేదు. మెట్లు దిగుతూ మళ్ళీ అంటుంటే వినపడింది. ఏడింటికి వెళ్ళింది.