పెదవులు రెండుసార్లు కలిశాయి

ఫిలింనగర్,
14 ఆగస్టు 2001

ప్రియమైన అత్తయ్యగారికి,

జెరూష చివరి రోజు ఎలా గడిచిందో రాయమన్నారు. రాస్తున్నాను.

గురువారం. తెల్లవారేసరికి వాన వెలిసింది. ఏడింటికి నర్సు జడ వేసింది. రెండు చెంచాల జావ తాగింది. పదింటికి ఊపిరి బరువైంది. ఆక్సిజన్ మాస్కు పెట్టారు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, మీవాళ్లకి ఫోన్ చేసుకోండి అన్నాడు. చేశాను. మీరు బాపట్లలో రైలెక్కారు.

మూడున్నరకి మూతి తుడవడానికి మాస్కు తీశారు. అప్పుడు నా వైపు తిరిగింది. "అమ్మకి చెప్పండి, భయపడొద్దు, ప్రభువు నా పక్కనే ఉన్నాడు" అంది. నాలుగూ పదికి వెళ్లిపోయింది.

మిగతా అంతా మీకు తెలుసు.

ఆరోగ్యం చూసుకోండి.
మీ అల్లుడు,
ఏసుకుమార్


బాపట్ల,
30 ఆగస్టు 2001

మన ప్రభువు కృపలో ప్రియమైన కుమార్ బాబుకి,

నీ ఉత్తరం అందింది. సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీద "ఏమైనా అందా బాబూ?" అని అడిగితే నువ్వు ఆ మాట చెప్పావు. అప్పుడు నా బుర్రకెక్కలేదు. ఇప్పుడు కాగితం మీద చూసుకున్నాను. రోజూ చదువుకుంటున్నాను. స్త్రీల కూడికలో చదివితే శ్యామలాదేవి ఏడ్చేసింది. "అక్కా, నీ కూతురు నిన్ను వదిలేసి పోలేదే" అంది. అవును, పోలేదు.

ఏడాది తిరిగేలోపు సమాధికి రాయి పెట్టించాలి. దాని మీద ఆ మాటే చెక్కించు.

నువ్వు ప్రార్థన చెయ్యలేకపోతున్నావని మీ పాస్టరుగారు చెప్పారు. కోప్పడను. నేను నర్సుగా చేసినన్నాళ్లూ మోకరించే తీరికెక్కడిది? మందుల చీటీల వెనక దేవుడికి రెండు లైన్లు రాసేదాన్ని. నువ్వూ రాయి. నీకు రాయడం వచ్చు కదా.

వేళకి తిను.
నీ అత్త,
లీలాకుమారి


ఫిలింనగర్,
20 జనవరి 2002

ప్రియమైన అత్తయ్యగారికి,

ఆలస్యానికి క్షమించండి. మీరు చెప్పినట్టు ఒక నోటుపుస్తకం కొన్నాను.

నా పని మీకు తెలుసు. హిందీ సీరియల్‌లో పెదవులు కదులుతుంటే, ఆ కదలికకి అతికే తెలుగు రాయడం. పదహారేళ్లుగా నేను రాసిన ప్రతి మాటా ఎవరో ఒకరి నోటికి కొలిచి రాసిందే. ఈ పుస్తకంలో కొలవడానికి నోరు లేదు. మొదటి వారం ఒక్క అక్షరం పడలేదు.

ఇప్పుడు పొద్దున్నే ఇంటి వెనక బండ మీదికి వెళ్తున్నాను. మంచులో జూబ్లీహిల్స్ కొండలు సగమే ఉంటాయి. దూరంగా మాదాపూర్‌లో కొత్త గాజు భవనాలు లంగరు వేసిన ఓడల్లా తేలుతుంటాయి. కాసేపటికి అవి కదులుతున్నట్టు, నేనే ఆగిపోయినట్టు ఉంటుంది. అప్పుడు ఏదో వస్తుంది. నిన్న ఇది వచ్చింది:

తెర మీద ఆమె ముఖం.
శబ్దం ఇంకా రాలేదు.
దేవా, దీపాలు వెయ్యకు.
ఇంకొంచెంసేపు చీకట్లో
నా పక్క కుర్చీలో కూర్చో.

ఇది కవితో కాదో తెలియదు. రాశాక అన్నం సయించింది.

డబ్బింగ్ చెప్పే హిమజ మానేసి కాల్ సెంటర్‌లో చేరింది. "అక్కడ ఎవరి పెదాలూ చూడక్కర్లేదు సార్, మాట్లాడితే చాలు" అంది. డబ్బింగ్ థియేటర్లో అందరూ నవ్వారు. చాలా రోజులకి నేనూ నవ్వాను.

రాయి పని ఇంకా మొదలుకాలేదు.

మీ
ఏసుకుమార్


బాపట్ల,
11 మే 2002

ప్రియమైన బాబుకి, సమాధానకర్త నీకు తోడుండునుగాక.

నీ ఐదు లైన్లు బైబిల్లో పెట్టుకున్నాను.

రాయి సంగతి నాలుగుసార్లు రాశాను. ఒక్కసారీ సరైన జవాబు లేదు. మోకాళ్లు నన్ను గుమ్మం దాటనివ్వడం లేదు. ఆగస్టుకి రాలేను. రాయి ఫోటో అయినా పంపు. నా బిడ్డ మాట రాతి మీద ఉందని చూసుకుంటే నాకు చాలు.

లీలాకుమారి


ఫిలింనగర్,
16 జూన్ 2002

ప్రియమైన అత్తయ్యగారికి,

నిన్న టోలిచౌకి దగ్గర రాళ్లు చెక్కే బాలనర్సయ్య నన్ను నిలదీశాడు.

"ఏంది సారూ, తెస్త తెస్త అనవడితివి, అక్షరాలు తేకపోతివి. రాయి ఎండకు ఎండె, వానకు నానె. పోయిన అమ్మ ఏమన్నదో గదే రాయాలె గదా, గంత సోంచాయించుడేంది?"

జేబులో కాగితం ఉంది. ఇవ్వలేకపోయాను.

అత్తయ్యగారూ, జెరూష ఆ మాట అనలేదు.

మాస్కు తీసినప్పుడు నా వైపు చూసింది, పెదవులు కదిలాయి. అది నిజం. గొంతు రాలేదు. పెదవులు రెండుసార్లు కలిశాయి. నాకు తెలిసింది అంతే. నేను మీకు చెప్పిన మాటకి ఏడుసార్లు కలవాలి. నా వృత్తిలో ఎవరు చూసినా మొదటి టేకులోనే పట్టుకుంటారు.

ప్లాట్‌ఫాం మీద మీ ముఖం చూసి, అలవాటుకొద్దీ ఒక డైలాగు రాసి ఇచ్చాను. "ఖాళీగా నోరు కనిపిస్తే చాలు, మీరు మాట కూరేస్తారు" అని జెరూష నన్ను ఎగతాళి చేసేది. ఆమె నోట్లోనే కూరాను. దాని మీద పాస్టరుగారు ప్రసంగం చేశారు. దాన్ని పట్టుకునే మీరు బతుకుతున్నారు.

ఈ పుస్తకమే నన్ను పట్టించింది. ఇందులో దేవుడితో మాట్లాడుతున్నాను. ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి ప్రతిరోజూ కలం ఆగిపోతోంది.

క్షమించమని అడిగే ధైర్యం లేదు.
ఏసుకుమార్


బాపట్ల,
24 జులై 2002

కుమార్ బాబుకి,

ఉత్తరం చదివి బియ్యం డబ్బాలో పెట్టాను. ఐదు వారాలు ప్రార్థనలో నీ పేరెత్తలేదు. ఉన్నమాట రాస్తున్నాను. నా బిడ్డ రెండోసారి పోయినట్టయింది.

ఇప్పుడు నా సంగతి విను. ముప్పై ఒక్క ఏళ్లు వార్డులో చేశాను. పోయినవాళ్ల మనుషులు పరుగెత్తుకొచ్చి "ఏమన్నాడమ్మా?" అని అడిగేవాళ్లు. చాలామంది ఏమీ అనరు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. "నీ పేరు పిలిచాడమ్మా" అనేదాన్ని. ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పుష్పవల్లి అని ఒకావిడ, ఆ ఒక్క మాటకి పదేళ్లు ప్రతి క్రిస్మస్‌కీ అరిసెలు తెచ్చిపెట్టింది. తిన్నాను బాబూ. ఒక్కసారి కూడా గొంతు దిగకుండా పోలేదు.

అలాంటిదాన్ని, నీ ముఖం చూసైనా పట్టుకోలేకపోయాను. పట్టుకోవాలనుకోలేదేమో.

మొన్న డబ్బా తీసి మళ్లీ చదివాను. రెండుసార్లు కలిశాయన్నావు. అది నిజమన్నావు. నాకు అది చాలు. ఎక్కువ అడగను.

రాయి మీద పేరు, తేదీలు పెట్టించు. సంఘంలో ఏం చెప్తావో నీ ఇష్టం. నీ పుస్తకంలో ఆగిపోయిన చోట ఏమైనా వస్తే నాకు పంపు. ఇవాళ నీ పేరు చెప్పి ప్రార్థన చేశాను.

నీ
అత్త


ఫిలింనగర్,
3 ఆగస్టు 2002, శనివారం

ప్రియమైన అత్తయ్యగారికి,

మీ ఉత్తరం బండ మీద కూర్చుని చదివాను. ఎండ వచ్చేదాకా లేవలేదు. ఐదు రోజులు ఏమీ రాలేదు. ఇవాళ వచ్చింది. మొదట మీకే పంపుతున్నాను.

నా చెవికి అందని మాట
నేల మీద రాలిపోలేదు.
నోటిని చేసినవాడు
ఆ మంచం దగ్గరే ఉన్నాడు, విన్నాడు.
ఆమెనే అడిగే ఉదయం దాకా
ఈ చోట ఏమీ రాయను.

దీన్ని నేను నమ్ముతున్నానా అని రాశాక నన్ను నేను అడిగాను. నమ్ముతున్నాను. ఆమె ఏమందో తెలియకుండా బతకడం ఏడాదిగా నాకు శిక్షలా ఉంది. ఇవాళ అది ఎదురుచూపులా ఉంది. రెండూ బరువే. దీన్ని మోయగలను.

రేపు మధురానగర్ సంఘంలో జెరూష జ్ఞాపకార్థ ఆరాధన. పాస్టరుగారు ఆ మాట మళ్లీ ఎత్తాలనుకున్నారు. సాయంత్రం వెళ్లి నిజం చెప్పాను. రాసుకున్న ప్రసంగం కాగితం మడిచి పక్కన పెట్టారు. తరువాత, సాక్ష్యాల సమయంలో నువ్వే చెప్పు అన్నారు.

రేపు పొద్దున పదింటికి అందరి ముందు లేచి నిలబడతాను. ఆ మాట నాదని, ఆమెది నేను వినలేదని చెబుతాను. తరువాత ఈ ఆరు లైన్లు చదువుతాను.

మీ
కుమార్