మా నాన్నకి మారు వడ్డన ఇప్పించుట గురించి

లేదండి, చేప బాగోలేదని కాదండి. ఉప్పు, కారం, పులుపు అన్నీ సరిపోయాయి. ఒడ్డున పాకలో చేపలు వండి పెట్టే రాజమ్మ అత్త వంట మీద నాకు ఏ కంప్లైంటూ లేదు. తన పాక మీద కేసు రాయొద్దని ముందే చెప్తున్నాను.

అయ్యా,

సముద్రం దగ్గర పోలీసు బోర్డు మీద తమరి వాట్సాప్ నంబరు ఉంటే ఫోటో తీసుకున్నాను. నా పేరు హేమంత్. తెనాలిలో బైకు మెకానిక్ షాపులో పని నేర్చుకుంటున్నాను. ఎనిమిదిలో బడి మానేశాను. మనిషి ఎదురుగా ఉంటే నాకు మాట రాదండి, అందుకే మెసేజ్ పెడుతున్నాను. అర్జీ ఎలా రాయాలని మా షాపు పక్కన దరఖాస్తులు రాసే చంద్రశేఖరం గారిని అడిగితే, "విషయం రాయి, నంబర్లు వెయ్యి, ఏడుపు మాత్రం రాయకు" అన్నారు.

విషయం: బాపట్ల సముద్రం ఒడ్డున పోయిన ఆదివారం మధ్యలో ఆగిపోయిన మా భోజనమును పూర్తి చేసుకొనుటకు అనుమతి కోరుట.

1. మా నాన్న జయకృష్ణ గారు రేపల్లె దగ్గర రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటారు. మా అమ్మ మాధురి నాతో తెనాలిలో ఉంటోంది, బట్టలు కుడుతుంది. పోయిన సంవత్సరం మా అమ్మమ్మ చనిపోయిన రోజు, చెరువులో రొయ్య చచ్చిపోతోందని నాన్న రాలేదు. అప్పట్నుంచి అమ్మ ఆయనతో మాట్లాడలేదు. వచ్చే ఆదివారం అమృతలూరులో మా పెదనాన్న ఇంట్లో పెద్దమనుషులు కూర్చుంటున్నారు. ఇద్దరూ సరే అంటే విడిపోయినట్టు కాగితం రాసేస్తారు. సరే అనే అంటారండి. ఒకళ్ళ ముందు ఒకళ్ళు తగ్గరు.

2. అందుకని నేను ఇద్దరికీ విడివిడిగా మెసేజ్ పెట్టాను, బాపట్ల పోయి సముద్రం దగ్గర చేపలు తిందాం అని. అమ్మ వస్తోందని నాన్నకీ, నాన్న వస్తున్నారని అమ్మకీ చెప్పలేదు. అమ్మా నేనూ రైల్లో వచ్చాం. నాన్న బండి మీద వచ్చారు. రాజమ్మ అత్త పాక ముందు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఇద్దరూ నా వైపు చూశారు. నేను సముద్రం వైపు చూశాను.

అక్కడ పచ్చి చేప మనం ఎంచుకుంటే రాజమ్మ అత్త అప్పటికప్పుడు కోసి వండి పెడుతుంది. "ఏంటమ్మా తింటారు? రొయ్యలు బాగున్నాయి" అంది.

"రొయ్యలొద్దు వదినా. ఆయన ముందు వాటిని కొయ్యకూడదు, బిడ్డల్లా చూసుకుంటారు" అంది అమ్మ.

నాన్న వెళ్ళి చందువా చేప చూపించారు. అమ్మకి ఇష్టమైంది అదేనండి.

3. ఇది ముఖ్యమైన నంబరు, దయచేసి పూర్తిగా చదవగలరు. పులుసు అయ్యాక రాజమ్మ అత్త గిన్నెలు బల్ల మీద పెట్టి, "జనం ఎక్కువున్నారు, మీరే వడ్డించుకోండమ్మా" అని పొయ్యి దగ్గరికి పోయింది. మా ఇంట్లో వడ్డించేది అమ్మేనండి. నాన్న గరిటె ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ నాకు పెట్టింది. తను పెట్టుకుంది. నాన్న ఖాళీ ప్లేటు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అమ్మ రెండు ముద్దలు తిని ఆగిపోయింది. చివరికి ఆయన ప్లేటులో అన్నం పెట్టి, పులుసు పోసి, ఒక ముక్క వేసింది.

"తినండి, చల్లారిపోద్ది. మళ్ళీ వేడి చేసే ఓపిక ఎవరికీ లేదు" అంది. ఏడాది తర్వాత అమ్మ ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదండి.

మా ఇళ్ళల్లో ఒక్కసారి వడ్డించి ఊరుకోరు. మారు పెట్టాలి. వద్దన్నా సరే కొంచెమైనా వెయ్యాలి. ఒక్కసారే పెడితే ఇంక ఈ ఇంటికి రావొద్దని చెప్పినట్టు. మా అమ్మమ్మకి ఈ పట్టింపు చాలా ఎక్కువ, కరెంటు రీడింగ్ తీసే అతనికి కూడా మజ్జిగ రెండోసారి పోసేది. నాన్నకి ఇదంతా తెలుసు. ప్లేటు తుడిచినట్టు తినేసి, తల ఎత్తకుండా, "మాధురీ, ఇంకొంచెం పెట్టవా?" అన్నారు.

ఆయన అడిగింది అన్నం కాదని నాకు కూడా అర్థమైంది. నేనుంటే మాట్లాడుకోరని నీళ్ళ వంక పెట్టుకుని డ్రమ్ము దగ్గరికి వెళ్ళాను.

4. అప్పుడే తమరు వచ్చారు. అలలు పెరిగాయని, ఒడ్డు ఖాళీ చెయ్యాలని సిబ్బంది అన్ని వైపులా ఈలలు వేశారు. తమరి తప్పు ఏమీ లేదండి. ఆ రోజు నీళ్ళు పాక లోపలికి వచ్చేశాయి. తమరు మా అమ్మ కుర్చీ వెనకే నిలబడి మైకులో లేవండి, లేవండి అన్నారు. అమ్మ గరిటె చేత్తో పట్టుకుని ఏదో అంది. పెదాలు కదలడం చూశాను. ఈలల్లో నాకు వినపడలేదు. నేను పరిగెత్తుకొచ్చేసరికి గరిటె గిన్నెలో ఉంది. నాన్న ప్లేటు ఖాళీగానే ఉంది. జనం తోసుకుంటుంటే ఆయన బండి దగ్గరికి, అమ్మ ఆటో దగ్గరికి వెళ్ళిపోయారు.

రైల్లో అమ్మని అడిగాను, ఏమన్నావమ్మా అని. "వినాల్సినోళ్ళకి వినపడలా. రెండుసార్లు చెప్పను" అంది. నాన్నకి ఫోన్ చేశాను. "ఆ గోలలో వినపడలేదురా. వద్దనే అనుంటుంది" అన్నారు. మళ్ళీ అడగండి నాన్నా అంటే, "ఒకసారి అడిగానుగా" అని పెట్టేశారు.

కావున తమరు దయతో వచ్చే ఆదివారం లోపల ఏదో ఒక రోజు అదే చోట మాకు ఒక బల్ల, ఒక్క గరిటె పులుసు ఇప్పించవలెను. ఇవ్వలేరని తెలుసు. ఒడ్డు ఇంకా మూసే ఉంది. రాజమ్మ అత్తకి ఫోన్ చేస్తే, "పాక పీకేశాన్రా అబ్బాయ్, చీరాలలో మా చెల్లెలింట్లో ఉన్నా. మీ పులుసు గిన్నె కూడా అలకి పోయింది" అంది. చంద్రశేఖరం గారు ఇదంతా విని, ఇలాంటి వాటికి ఏ ఆఫీసులోనూ కాలమ్ లేదన్నారు. అయినా పంపిస్తున్నాను.

తమరికి తీరిక దొరికినప్పుడు ఈ మెసేజ్ చిత్తగించవలెనని కోరుతూ,

తమ విధేయుడు, వచ్చే ఆదివారం వరకు
మాధురి, జయకృష్ణల అబ్బాయి
హేమంత్, తెనాలి.

తా.క. బల్ల ఇవ్వకపోయినా పర్లేదండి. అమ్మ మాట్లాడుతుంటే తమరు మైకు పక్కకి తీసి, వంగి విన్నారు. తల కూడా ఊపారు, నేను డ్రమ్ము దగ్గర నుంచి చూశాను. మా అమ్మ ఏమందండి?